తడ దాటితే మారే ధర – ఒక లీటరు పెట్రోలు చరిత్ర



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి వ్రాసి ఇమ్మని కార్యవర్గం వారు అడిగినప్పుడు కొంత వెనుకాడాను. రాజుల చరిత్ర, కోటల చరిత్ర వ్రాయదగిన పాండిత్యం నాకు లేదు. నాకు తెలిసిన చరిత్ర ఒక్కటే, అది పన్నుల చరిత్ర. వాణిజ్య పన్నుల శాఖలో 1975లో గుమాస్తాగా చేరి, 2008లో పదవీ విరమణ చేసినవాడిని. కాబట్టి ఆ చరిత్రలోనే, మనందరికీ పనికివచ్చే ఒక చిన్న భాగాన్ని ఎన్నుకున్నాను. దీనికి కారకుడు మా మనవడు.

2024లో ఒకనాడు చెన్నైలో కంటి పరీక్ష చేయించుకుని కారులో సూళ్లూరుపేటకు తిరిగి వస్తున్నాము. గుమ్మిడిపూండి దాటి ఆరంబాకం వచ్చేసరికి మావాడు బండిని పెట్రోలు బంకులోకి తిప్పాడు. ట్యాంకులో సగం పెట్రోలు ఉంది.

“ఇంకా సగం ఉంది కదరా, మనూళ్ళో పోయించుకోవచ్చు గదా” అన్నాను.

“ఇక్కడే నింపుకోవాలి తాతా. తడ దాటామంటే లీటరుకు ఎనిమిది రూపాయలు ఎక్కువ” అన్నాడు.

చుట్టూ చూశాను. వరుసలో ఉన్న బండ్లలో సగానికి పైగా మన రాష్ట్రం నంబరువే. బంకు మీద ఉన్న కంపెనీ బోర్డు మన ఊరిలో ఉన్న కంపెనీదే. అదే పెట్రోలు, అదే రోడ్డు. మావాడు నా వైపు తిరిగి, “నువ్వు ట్యాక్సు ఆఫీసులో పనిచేశావు కదా తాతా, ఈ తేడా ఎందుకో చెప్పు” అన్నాడు. “పన్నురా” అన్నాను. “పన్ను ఇద్దరూ వేస్తారు కదా, అటువాళ్ళు ఊరికే వదిలేస్తారా?” అన్నాడు. ముప్పై మూడేళ్ళ సర్వీసు ఉండి కూడా ఆ ప్రశ్నకు కారులో కూర్చుని సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేసుకున్నాను. ఆ జవాబే ఈ వ్యాసం.

అమెరికాలో చూసినది

ముందుగా ఒక దూరపు ముచ్చట చెబుతాను. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు, మనమూ ఒకటి రెండుసార్లు వెళ్ళి వచ్చినవాళ్ళమే. 2019లో టెక్సాస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు కాస్ట్‌కో అనే పెద్ద గిడ్డంగి దుకాణానికి తీసుకుపోయింది. దాని ఆవరణలోనే పెట్రోలు బంకు ఉంది. కార్లు చాంతాడంత వరుసలో నిలబడి ఉన్నాయి. రోడ్డుకు అవతల ఇంకొక బంకు ఉంది, అక్కడ ఒకరిద్దరే ఉన్నారు. కారణం, కాస్ట్‌కోలో గాలనుకు పావు డాలరు దాకా తక్కువ. ఒకే వీధిలో, ఒకే పన్ను కింద, రెండు ధరలు!

ఆ దుకాణం కథ కూడా తెలుసుకోదగినదే. 1976లో సాల్ ప్రైస్ అనే వ్యాపారి శాండియాగో నగరంలో, ఒకప్పుడు విమానాలు నిలిపిన షెడ్డులో ‘ప్రైస్ క్లబ్’ అనే గిడ్డంగి దుకాణం తెరిచాడు. చందా కట్టిన సభ్యులకు మాత్రమే సరుకు అమ్ముతారు. 1983లో సియాటిల్‌లో కాస్ట్‌కో మొదలైంది, 1993లో రెండూ కలిసిపోయాయి. నేను వెళ్ళిన ఏడాది సభ్యత్వ చందా 60 డాలర్లు. వారికి లాభంలో పెద్ద భాగం ఆ చందాల నుండే వస్తుంది. పెట్రోలు వారికి ఎర లాంటిది. పెట్రోలుకు వచ్చిన మనిషి లోపలికి వెళ్ళి బండినిండా సరుకులు కొనక మానడు. పైగా రోజుకు ఎన్నో ట్యాంకర్ల పెట్రోలు అమ్ముడుపోతుంది గనుక గాలను మీద కొద్ది పైసలు మిగిలినా చాలు. ఎదుటి బంకు యజమానికి ఆ చందాలూ లేవు, అంత అమ్మకమూ లేదు. అద్దె, జీతాలు, క్రెడిట్ కార్డు కంపెనీకి ఇచ్చే రుసుము అన్నీ ఆ కొద్ది గాలన్ల మీదనే రాబట్టుకోవాలి.

అంటే అక్కడ ధర నిర్ణయించేది అమ్మేవాడు. పన్ను ఇద్దరికీ సమానం. కేంద్ర పన్ను గాలనుకు 18.4 సెంట్లు, 1993 నుండి మారలేదు. టెక్సాస్ రాష్ట్రపు పన్ను 20 సెంట్లు, 1991 నుండి మారలేదు. పెట్రోలు ధర పెరిగినా తగ్గినా ఆ సెంట్లు అంతే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత దీనితో పని పడుతుంది.

మన దేశంలో పరిస్థితి ఇందుకు తలక్రిందులు. ప్రభుత్వ కంపెనీల బంకు యజమాని తన ధర తాను పెట్టలేడు. ధర కంపెనీ పంపుతుంది, అతనికి లీటరుకు ఇంత అని కమీషను. ఒకే ఊరిలో ఆ కంపెనీల బంకుల మధ్య తేడా పైసలలోనే ఉంటుంది. డిపో నుండి ట్యాంకరు తోలే కిరాయిని బట్టి ఊరికీ ఊరికీ కొద్దిగా మారుతుంది, అంతే. కాబట్టి ఆరంబాకంలో కల్తీ అమ్ముతారనో, మన బంకువాళ్ళు దోచుకుంటారనో అనుకోవడం అన్యాయం. తేడా వేరేచోట పుట్టింది. అది ఎప్పుడు పుట్టిందో చూద్దాము.

పన్ను పుట్టిన సంవత్సరం

1935 భారత ప్రభుత్వ చట్టం వచ్చిన తరువాత రాష్ట్రాలకు, అంటే అప్పటి ప్రావిన్సులకు, సరుకుల అమ్మకం మీద పన్ను వేసుకునే అధికారం వచ్చింది. ఆ అధికారాన్ని మొట్టమొదట వాడుకోవడానికి దొరికిన సరుకు పెట్రోలే. 1938లో సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్ ప్రభుత్వం మోటారు స్పిరిటు, కందెన నూనెల చిల్లర అమ్మకం మీద నూటికి 5 వంతున పన్ను విధిస్తూ చట్టం చేసింది. కేంద్ర ప్రభుత్వం వారు ఒప్పుకోలేదు. “ఇది ఎక్సైజు సుంకం, అది మాది, మీరు వేయరాదు” అన్నారు. తగవు ఢిల్లీలో కొత్తగా ఏర్పడిన ఫెడరల్ కోర్టుకు వెళ్ళింది. ప్రధాన న్యాయమూర్తి సర్ మారిస్ గ్వైయర్. 1938 డిసెంబరులో కోర్టు ప్రావిన్సు పక్షాన అభిప్రాయం చెప్పింది. తయారీ మీద సుంకం కేంద్రానిది, అమ్మకం మీద పన్ను ప్రావిన్సుది అని తేల్చింది. నేటికీ మనం కొనే ప్రతి లీటరులో కేంద్ర ఎక్సైజు, రాష్ట్రపు అమ్మకం పన్ను అని రెండు పొరలు ఉండడానికి మూలం అక్కడ ఉంది.

మరుసటి సంవత్సరమే, 1939లో, మన మద్రాసు ప్రెసిడెన్సీలో మోటారు స్పిరిటు అమ్మకం పన్ను చట్టం, దానితోపాటు సాధారణ అమ్మకం పన్ను చట్టం వచ్చాయి. అప్పుడు ప్రధానమంత్రి రాజగోపాలాచారి గారు. ఈ పన్నులకు ఆయనకు బలమైన కారణం ఉంది. 1937 అక్టోబరులో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టారు. 1938లో మన చిత్తూరు, కడప జిల్లాలకు దానిని విస్తరించారు. కల్లు, సారా మీద వచ్చే రాబడి పోయింది. ఆ గండిని పూడ్చడానికి అమ్మకం పన్ను తెచ్చారు. చిత్తూరు జిల్లాలో కల్లు దుకాణం మూతపడినందుకు నెల్లూరు జిల్లాలో పెట్రోలు కొన్నవాడు పన్ను కట్టాడని సరదాగా చెప్పుకోవచ్చు.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ఆనాడు సూళ్లూరుపేట, తడ నెల్లూరు జిల్లాలో, ఆరంబాకం, గుమ్మిడిపూండి చెంగల్పట్టు జిల్లాలో ఉన్నా, రెండూ ఒకే ప్రెసిడెన్సీ. ఒకే చట్టం, ఒకే పన్ను. మద్రాసు నుండి కలకత్తా వెళ్ళే ట్రంకు రోడ్డు మీద ఈ గీత లేదు. మా నాయన చెప్పే కథల్లో ఆ రోడ్డు మీద బొగ్గు బస్సు ఒకటి తరచు వచ్చేది. రెండవ ప్రపంచ యుద్ధంలో 1941 నుండి పెట్రోలుకు రేషను పెట్టారు. బస్సు వెనుక పెద్ద డబ్బా తగిలించి, అందులో బొగ్గు కాల్చి, ఆ వాయువుతో ఇంజను నడిపేవారు. కొద్దిపాటి ఎత్తు వచ్చినా జనం దిగి తోయవలసిందేనట. ఆనాటి చింత పెట్రోలు దొరుకుతుందా లేదా అన్నది. ధరలో తేడా అన్న చింత ఇంకా పుట్టలేదు.

గీత పడిన రోజు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. నెల్లూరు జిల్లా మనకు వచ్చింది, చెంగల్పట్టు జిల్లా మద్రాసుకు ఉండిపోయింది. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ గారి తీర్పు ప్రకారం హద్దులు మరికొంత సర్దుబాటయ్యాయి. తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. భాష గీతకు అటూ ఇటూ కలిసే ఉంది. నేటికీ ఆరంబాకం అంగట్లో తెలుగులో బేరం చేయవచ్చు. కానీ చట్టాలు మాత్రం విడిపోయాయి. మనకు 1957లో ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకం పన్ను చట్టం, వారికి 1959లో మద్రాసు సాధారణ అమ్మకం పన్ను చట్టం. ఒకే తల్లి పిల్లలు వేరుపడి వేరు వంటలు మొదలుపెట్టినట్లయింది.

అయినా చాలాకాలం ఈ తేడాను ఎవరూ పట్టించుకోలేదు. దానికి కారణం ధర తక్కువగా ఉండడమే. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో పెట్రోలు లీటరు మూడు నాలుగు రూపాయలు. మూడు రూపాయల మీద నూటికి ఐదారు వంతుల తేడా ఉన్నా అది ఇరవై పైసలు కూడా దాటదు. అదీగాక అది ప్రభుత్వం ధర నిర్ణయించే కాలం. 1974లో ఎస్సో కంపెనీని, 1976లో బర్మా షెల్‌ను, ఆ వెనుక కాల్టెక్స్‌ను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. అవే హిందుస్థాన్ పెట్రోలియం, భారత్ పెట్రోలియం అయ్యాయి. ఇండియన్ ఆయిల్ 1964 నుండి కార్పొరేషనుగా ఉంది. పన్నుకు ముందు ధర ప్రభుత్వం చెప్పినదే.

2002 ఏప్రిల్ 1 నుండి ఆ పద్ధతిని ఎత్తివేస్తామన్నారు. కానీ ప్రపంచంలో ముడి చమురు ధర పెరిగేసరికి మళ్ళీ పగ్గాలు పట్టుకున్నారు. ఆ కాలంలో ప్రభుత్వ కంపెనీల నష్టాన్ని ప్రభుత్వం పూడ్చేది, ప్రైవేటు కంపెనీలకు పూడ్చేది కాదు. అందువల్ల ఒకే రోడ్డు మీద రెండు ధరలు మనమూ చూశాము. ప్రైవేటు బంకుల్లో ధర ఎక్కువై, జనం పోక, 2008లో రిలయన్స్ వారు దేశమంతటా తమ బంకులు మూసుకున్నారు. చివరకు 2010 జూన్‌లో పెట్రోలు ధరను, 2014 అక్టోబరులో డీజిలు ధరను ప్రభుత్వం వదిలివేసింది. 2017 జూన్ 16 నుండి ధర రోజూ మారే పద్ధతి వచ్చింది.

టోకు ధర చిల్లరను మించిన వింత

ఈ మధ్యలో జరిగిన ఒక వింతను, ఆర్టీసీలో స్టోర్స్ చూసి రిటైరైన మన సంఘ మిత్రుడు ఒకాయన చెబుతుంటారు. సాధారణంగా టోకున కొంటే ధర తగ్గాలి. కాస్ట్‌కో రహస్యం అదే. కానీ 2013 జనవరిలో కేంద్ర ప్రభుత్వం, టోకున డీజిలు కొనే పెద్ద సంస్థలు రాయితీ లేని ధర చెల్లించాలని నిర్ణయించింది. చిల్లర బంకులో రాయితీ ఉంది, టోకున లేదు. తేడా లీటరుకు సుమారు 10 రూపాయలు. ట్యాంకర్ల కొద్దీ కొనే రవాణా సంస్థకు ఎక్కువ ధర, ఐదు లీటర్లు కొనే రైతుకు తక్కువ ధర! పక్కనున్న తమిళనాడులో ప్రభుత్వ బస్సులను బయటి బంకుల్లో నింపుకోమని ప్రభుత్వమే ఆదేశించింది. 2022 మార్చిలో టోకు డీజిలు ధరను ఒక్కసారే సుమారు 25 రూపాయలు పెంచినప్పుడు కూడా ఇదే పరిస్థితి. “కె.ఎం.పి.ఎల్. పాయింటు ఒకటి పెంచడానికి డ్రైవర్లతో ఎంత పోరాడేవాళ్ళమో తెలుసా సార్! ఒక్క ఉత్తర్వుతో అదంతా కొట్టుకుపోయింది” అంటారాయన.

దీనివల్ల తెలిసేదేమంటే, మన దేశంలో బంకు దగ్గర కనిపించే ధర తేడాలు ఎక్కువగా ఉత్తర్వుల వల్ల పుట్టినవి. వ్యాపారి తెలివివల్ల పుట్టినవి తక్కువ.

అన్నీ పోయి మిగిలిన పన్ను

2005 ఏప్రిల్ 1న మన రాష్ట్రంలో అమ్మకం పన్ను స్థానంలో వ్యాట్ వచ్చింది. తమిళనాడులో 2007 జనవరి 1న వచ్చింది. తరువాత 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చి సబ్బు మొదలుకొని సిమెంటు వరకు అన్నిటినీ దేశమంతా ఒకే రేటు కిందకు తెచ్చింది. తడ దగ్గర బి.వి.పాళెంలో లారీలు బారులు తీరిన పన్నుల చెక్‌పోస్టు పని ఆనాటితో ముగిసింది. ఆ దారిన రాత్రి డ్యూటీలు చేసినవాడిగా ఒక మాట చెబుతాను. లారీలోని ప్రతి మూటకూ బిల్లు అడిగేవాళ్ళము. కానీ ఆ లారీ ట్యాంకులో ఉన్న మూడు వందల లీటర్ల డీజిలుకు ఎవరమూ ఏ బిల్లూ అడగలేదు, అడిగే చట్టమూ లేదు. హద్దు దాటి పోయే పన్ను మా కళ్ళ ముందే పోయేది.

జి.ఎస్.టి. కోసం 2016లో రాజ్యాంగాన్ని సవరించినప్పుడు, రాష్ట్రాలకు అమ్మకం పన్ను వేసే అధికారం ఆరు సరుకుల మీదనే మిగిలింది. ముడి చమురు, డీజిలు, పెట్రోలు, సహజవాయువు, విమాన ఇంధనం, ఆరవది మద్యం. 1938లో ఏ సరుకుతో అమ్మకం పన్ను పుట్టిందో, ఎనభై ఏళ్ళకు చుట్టూ తిరిగి అదే సరుకు దగ్గర మిగిలింది. రాజాజీ గారు మద్యం రాబడి వదులుకుని పన్ను తెచ్చారు. ఇప్పుడు రాష్ట్రం తన చేతితో రేటు మార్చుకోగల పెద్ద పన్నులలో ముఖ్యమైనవి ఆ మద్యం మీద, ఈ పెట్రోలు మీద ఉన్నాయి. డబ్బు అవసరమైనప్పుడు ఏ ప్రభుత్వమైనా చెయ్యి చాపేది అటువైపే.

2014 విభజన తరువాత లోటుతో ఉన్న మన రాష్ట్రం 2015లో పెట్రోలు మీద 31 శాతానికి తోడు లీటరుకు 4 రూపాయలు విధించింది. 2018లో అందులో 2 రూపాయలు తగ్గించారు. 2020లో మళ్ళీ 31 శాతం, పైన 4 రూపాయలు అయింది, రోడ్ల అభివృద్ధి సెస్సు 1 రూపాయి కలిసింది. తమిళనాడు వారూ తక్కువ తినలేదు. 2017 మార్చిలో 27 శాతాన్ని 34 శాతం చేశారు. అయితే 2020 మేలో వారు పద్ధతి మార్చారు. శాతాన్ని బాగా తగ్గించి, లీటరుకు ఇంత అనే స్థిరమైన మొత్తాన్ని చేర్చారు. 2021 ఆగస్టులో 3 రూపాయలు తగ్గించగా అది 13 శాతం, పైన 11 రూపాయల 52 పైసలు అయింది. మా మనవడి ప్రశ్నకు జవాబు ఈ పద్ధతి మార్పులో ఉంది.

పెన్సిలు లెక్క

2024 మార్చిలో ధరలు 2 రూపాయలు తగ్గిన తరువాతి స్థితిని తీసుకుందాము. కంపెనీ ధర, కేంద్ర ఎక్సైజు, బంకు కమీషను కలిపి లీటరు సుమారు 79 రూపాయలు. ఇంతవరకు గీతకు అటూ ఇటూ దాదాపు ఒక్కటే.

తమిళనాడు: 79 మీద 13 శాతం 10.27, దానికి 11.52 కలిపితే 21.79. వెరసి 100 రూపాయల 79 పైసలు.

మన రాష్ట్రం: 79 మీద 31 శాతం 24.49, పైన 4, సెస్సు 1, సెస్సు మీద పన్ను 31 పైసలు. మొత్తం 29.80. వెరసి 108 రూపాయల 80 పైసలు.

తేడా 8 రూపాయలు. బోర్డుల మీద కనిపించినదీ అదే.

ఇప్పుడు ముడి చమురు బాగా చవకై, పన్నుకు ముందు ధర 40 రూపాయలే ఉందనుకోండి. ఇవే రేట్లతో తమిళనాడులో 56.72, మన దగ్గర 57.71. తేడా రూపాయి కూడా లేదు! మన పన్నులో ఎక్కువ భాగం శాతం. ధర పెరిగిన కొద్దీ అది తానే పెరుగుతుంది. వారి పన్నులో సగానికి పైగా స్థిరం, అమెరికా సెంట్ల వలె కదలకుండా ఉంటుంది. పెట్రోలు చవకగా ఉన్నప్పుడు గీత కనిపించదు, ప్రియమైనప్పుడు కందకమంత లోతు అవుతుంది. వారు ఊరికే వదిలిపెట్టలేదు, లీటరుకు దాదాపు 22 రూపాయలు తీసుకుంటున్నారు. కొలిచే పాత్ర వేరు, అంతే.

ఎవరికి లాభం?

ఇక పింఛనుదారులకు పనికివచ్చే మాట. సూళ్లూరుపేట నుండి ఆరంబాకం సుమారు 20 కిలోమీటర్లు, రానూ పోనూ 40. స్కూటరులో 5 లీటర్లు పోయించుకుంటే 40 రూపాయలు మిగులుతుంది. లీటరుకు 45 కిలోమీటర్లు వచ్చినా ఆ ప్రయాణానికి 90 రూపాయలకు పైగా కాలిపోతుంది. కారులో 35 లీటర్లు పోయిస్తే 280 మిగులుతుంది, ప్రయాణానికి దాదాపు అంతే ఖర్చవుతుంది. కాబట్టి పనిగట్టుకుని పోవడం శుద్ధ దండుగ. చెన్నైకి ఎలాగూ పోయి వచ్చేవారికి మాత్రమే లాభం. అసలు లాభం లారీలకు. డీజిలు మీద తేడా నాలుగైదు రూపాయలే అయినా, మూడు వందల లీటర్లు నింపితే వెయ్యి రూపాయల పైమాట. వారు ఎలాగూ ఆ దారినే పోతారు. ప్లాస్టిక్ క్యానుల్లో నింపి తెచ్చుకునే సాహసం మాత్రం ఎవరూ చేయవద్దని మనవి. ఎనిమిది రూపాయల కోసం ఇంటికి నిప్పు తెచ్చుకోరాదు.

ఈ అవస్థ మన ఒక్క ఊరిదే కాదు. కాకినాడ నుండి యానాం పోయేవారికి, తెలుగునేల మధ్యలోనే పుదుచ్చేరి పన్ను ఎదురవుతుంది. అక్కడి బంకుల ముందు కూడా మన నంబరు బండ్లే.

పెన్సిలు కింద పెట్టబోతూ ఇంకొక లెక్క వేశాను. అది నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. మా మనవడు ఆరంబాకంలో ఒక లీటరు పోయించుకుంటే వాడికి మిగిలేది 8 రూపాయలు. మన రాష్ట్రానికి పోయేది 8 కాదు, 29 రూపాయల 80 పైసలు, అంటే మొత్తం పన్ను. అందులో దాదాపు 22 రూపాయలు పక్క రాష్ట్రపు ఖజానాకు చేరుతుంది. మనం ఒకటో తారీఖున ఎదురుచూసే పింఛను, బకాయి పడ్డ కరువు భృతి, ఆసుపత్రి బిల్లుల రీయింబర్సుమెంటు ఏ బొక్కసం నుండి వస్తాయో మీకు నేను చెప్పనక్కరలేదు. 33 ఏళ్ళు ఆ బొక్కసానికి పైసా పైసా లెక్క కట్టినవాడిని, కారు వెనుక సీటులో కూర్చుని 20 లీటర్ల మీద దాదాపు ఆరు వందల రూపాయలు అవతలి గట్టున వదిలి వచ్చాను. మన పక్క బంకు యజమానికి కమీషను పోయింది, అక్కడ పైపు పట్టుకునే కుర్రవాడికి పని తగ్గింది.

అయితే కొనేవాడిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. నెల జీతంతో బ్రతికే మనిషి ఎనిమిది రూపాయలు తక్కువకు దొరికే చోట కొనడం నేరం కాదు, చట్టం కూడా వద్దనదు. చెరువు కట్ట ఒకచోట పల్లమైతే నీరు అటే పోతుంది, నీటిని తిట్టి లాభం లేదు. రేటు నిర్ణయించేవారు హైవే పక్కన నిలబడి ఒక్క పూట బండ్ల నంబర్లు లెక్కపెట్టుకుంటే, 31 శాతం కాగితం మీద ఎంత, చేతికి ఎంత అన్నది వారికే తెలుస్తుంది. శాతాన్ని కొంత తగ్గించి స్థిరమైన మొత్తంగా మార్చుకునే దారి పక్క రాష్ట్రమే చూపింది.

ఇదంతా మా మనవడికి కాగితం మీద చూపించాను. శ్రద్ధగా విన్నాడు. మరుసటి నెల మళ్ళీ చెన్నై వెళ్ళి వస్తూ ఆరంబాకం దగ్గర బండి నెమ్మది చేసి నా ముఖం చూశాడు. నేను ఏమీ అనలేదు. కాసేపు ఆలోచించి, “సగమే పోయించుకుంటాను తాతా, మిగతా సగం మనూళ్ళో” అన్నాడు.

ఆ సగం చాలునా అంటే ఇప్పటికీ నాకు తెలియదు. కానీ లెక్క తెలిసి ఖర్చు పెట్టాడు, నాకు అది తృప్తి. సభ్యులు కూడా ఈసారి బంకు దగ్గర బోర్డు చూసినప్పుడు, ఆ అంకెలో ఎంత పెట్రోలు, ఎంత పన్ను, ఆ పన్ను ఏ గట్టుకు చేరుతుంది అని ఒక్కసారి తలచుకుంటే ఈ వ్యాసం వ్రాసిన శ్రమ ఫలించినట్లే. సెలవు.